బొగ్గు గని నుంచి కొలిమి దాకా – లె షాటెలియర్ మహాశయుని జీవితం

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం రాసి ఇవ్వవలసిందిగా మన సంఘ కార్యవర్గం వారు కోరినప్పుడు, మొదట నాకు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు తట్టింది. కానీ ఆయన గురించి మన సంచికల్లో ఇదివరకే రెండు మూడుసార్లు వచ్చింది. అదే వారంలో ఇంటర్మీడియట్ చదువుతున్న మా మనవడు రసాయనశాస్త్రం పుస్తకం పట్టుకుని వచ్చి లె షాటెలియర్ నియమం అంటే ఏమిటో చెప్పమని కూర్చున్నాడు. నియమం చెప్పాను. ఆ మనిషి ఎవరని అడిగితే మాత్రం, జీవితమంతా ఆయన కనిపెట్టిన పరికరం పక్కనే ఉద్యోగం చేసిన నాకు సరైన సమాధానం దొరకలేదు. సిగ్గనిపించింది. ఆ తరువాత దొరికినంతవరకు చదివి రాస్తున్నది ఈ వ్యాసం.

మన ఖమ్మం, భద్రాచలం అడవి సరిహద్దున పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వారిలో గనుల వారున్నారు, థర్మల్ స్టేషన్ వారున్నారు, అశ్వాపురం భారజల కర్మాగారం వారున్నారు. ఈ మూడు చోట్లా ఆ ఫ్రెంచి పెద్దమనిషి పని మనకు తెలియకుండానే మన వెంట ఉంది. మన పిల్లల పుస్తకాల్లో ఆయన పేరు లీ చాటెలియర్ అని కూడా అచ్చవుతుంది. నేను లె షాటెలియర్ అనే రాస్తున్నాను.

హెన్రీ లూయీ లె షాటెలియర్ 1850 అక్టోబరు 8న పారిస్‌లో జన్మించారు. తండ్రి లూయీ లె షాటెలియర్ ఫ్రెంచి ప్రభుత్వ గనుల శాఖలో పెద్ద ఇంజనీరు. రైల్వేల్లోను, అల్యూమినియం తయారీలోను, ఉక్కు కొలుముల్లోను ఆయన చేయి ఉంది. ఆ ఇంటికి వచ్చే పోయే వారంతా శాస్త్రవేత్తలు, కర్మాగారాల యజమానులు. తల్లి మహా క్రమశిక్షణ గల మనిషి. నిద్ర లేచే వేళ, చదివే వేళ, తినే వేళ అన్నీ గడియారం ప్రకారం నడిచేవట. పెద్దకొడుకైన హెన్రీకి ఆ అలవాటు జీవితాంతం పోలేదు.

1869లో పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో చేరారు. మరుసటి ఏడాదే జర్మనీతో యుద్ధం వచ్చింది. విద్యార్థులు చదువు మానేసి సైన్యంలోకి వెళ్లవలసి వచ్చింది. పారిస్ ముట్టడి కాలంలో ఈయన కూడా చిన్న అధికారిగా పనిచేశారు. యుద్ధం అయ్యాక గనుల కళాశాలలో చేరి ఇంజనీరుగా బయటకు వచ్చారు. 1875లో బెజాన్‌సోన్ అనే ఊళ్లో గనుల ఇంజనీరు ఉద్యోగం దొరికింది. 1876లో వివాహం. భార్య పేరు జెనెవియేవ్. వారికి ఏడుగురు సంతానం, నలుగురు ఆడపిల్లలు, ముగ్గురు మగపిల్లలు. 1877లో పారిస్ గనుల కళాశాల వారు రసాయనశాస్త్రం చెప్పడానికి రమ్మని పిలిచారు. అప్పటికి ఆయన చేసిన పరిశోధన దాదాపు ఏమీ లేదు. అయినా వెళ్లారు.

అక్కడ ఉండగానే ఆయనకు ఒక పెద్ద పని అప్పగించారు. అది మన గనుల మిత్రులకు బాగా తెలిసిన సంగతి. ఫ్రాన్సులో గనులలో గ్యాస్ అంటుకుని వరుసగా ప్రమాదాలు జరుగుతున్నాయి. ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. మలార్ అనే ప్రొఫెసరుతో కలిసి లె షాటెలియర్ ఆ గ్యాస్ ఎప్పుడు అంటుకుంటుంది, మంట ఎంత వేగంగా నడుస్తుంది అనే ప్రశ్నలకు ప్రయోగశాలలో సమాధానం వెతికారు. మీథేన్ గ్యాస్ అంటుకోవాలంటే సుమారు 650 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలని తేలింది. అంతకన్నా విచిత్రమైనది ఇంకొకటి బయటపడింది. ఆ వేడి తగిలిన క్షణాన గ్యాస్ అంటుకోదు, కొన్ని సెకండ్లు ఆలస్యం చేస్తుంది. వేడి ఎక్కువైన కొద్దీ ఆ ఆలస్యం తగ్గుతుంది. అంటే మందుగుండు పేలినప్పుడు వచ్చే వేడి వాయువులు గ్యాస్‌ను అంటించేలోగానే చల్లబడేట్లు చేయగలిగితే ప్రమాదం తప్పుతుంది. మందులో అమ్మోనియం నైట్రేట్ కలిపితే పేలుడు వేడి తగ్గుతుందని వారు చూపించారు. దాని ఆధారంగా 1890లో ఫ్రాన్సులో నిబంధన వచ్చింది. బొగ్గులో వాడే మందు పేలుడు వేడి 1500 డిగ్రీలు, రాతిలో వాడేదానిది 1900 డిగ్రీలు దాటకూడదు. మన షాట్ ఫైరర్లు చేతబట్టి తిరిగిన పర్మిటెడ్ మందుగుండు వెనుక ఉన్న ఆలోచన ఇదే.

అయితే అదే కమిషన్ పనిలో ఒక పొరపాటు కూడా జరిగింది. దానిని దాచి రాయడం న్యాయం కాదు. గ్యాస్ లేని చోట ఉత్త బొగ్గుపొడి వల్ల పెద్ద ప్రమాదం లేదని మలార్, లె షాటెలియర్ 1882లో అభిప్రాయపడ్డారు. ఇంగ్లండులో కొందరు ఇంజనీర్లు కాదన్నారు. ఫ్రాన్సులో మాత్రం ఈ ఇద్దరి మాటకు ఉన్న గౌరవం అలాంటిది. 1906 మార్చి 10న ఉత్తర ఫ్రాన్సులోని కూరియేర్ గనుల్లో బొగ్గుపొడి పేలింది. మంట ఒక గని నుంచి ఇంకొక గనికి పాకింది. 1099 మంది చనిపోయారు. యూరపులో అంత పెద్ద గని ప్రమాదం మరొకటి లేదు. ఇరవై రోజుల తరువాత పదమూడు మంది చీకట్లో దారి వెతుక్కుంటూ ప్రాణాలతో పైకి వచ్చారు. మరికొన్ని రోజులకు ఇంకొకరు. ఆ తరువాతనే ఫ్రాన్సు వారు బొగ్గుపొడి మీద ప్రత్యేకంగా ప్రయోగ కేంద్రం పెట్టారు. మన గనుల్లో గ్యాలరీల పొడుగునా తెల్లగా స్టోన్ డస్ట్ చల్లించే వారు కదా, దాని వెనుక ఇలాంటి చావులు ఉన్నాయి. మన దేశంలో 1965లో ధోరీ గనిలో 268 మంది పోయిందీ పేలుడుతోనే. ప్రయోగశాలలో చిన్న గొట్టంలో చూసిన దానిని కిలోమీటర్ల పొడుగు గనికి వర్తింపజేయడంలోనే ఆ ఇద్దరు పెద్దలు తప్పటడుగు వేశారని నా ఉద్దేశం.

ఇక కొలుముల సంగతి. నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే కనుక కొంచెం తీరికగా చెబుతాను.

లె షాటెలియర్ సొంతగా ఎంచుకున్న పరిశోధన సిమెంటు. 1887లో డాక్టరేటు పుచ్చుకున్నది దాని మీదనే. సున్నపురాయి, జిప్సం, బంకమట్టి వీటిని వేడి చేస్తే లోపల ఏమి జరుగుతుందో తెలుసుకోవాలి. దానికి మొదట ఎంత వేడి ఉందో కచ్చితంగా తెలియాలి కదా. ఆ రోజుల్లో అదే లేదు. వెయ్యి డిగ్రీల దగ్గర పాదరసం థర్మామీటరు పనికిరాదు. కొలిమి మేస్త్రీలు రంగు చూసి చెప్పేవారు. మందారపు ఎరుపు, నారింజ, పసుపు, తెలుపు. మేస్త్రీ కన్ను గొప్పదే, కానీ ఇద్దరు మేస్త్రీలకు ఒకే కొలిమి చూపిస్తే వంద డిగ్రీల తేడా చెబుతారు. రెండు లోహపు తీగల చివరలు కలిపి వేడి చేస్తే కొద్దిపాటి విద్యుత్తు పుడుతుందని అప్పటికే తెలుసు. కానీ ఇనుము వంటి లోహాలు వాడటం వల్ల పూటకొక లెక్క వచ్చేది. లె షాటెలియర్ శుద్ధమైన ప్లాటినం తీగను, పది శాతం రోడియం కలిపిన ప్లాటినం తీగను జతచేశారు. కొలత నిలకడగా వచ్చింది. అదే మన బాయిలర్ల వాళ్లు, ఉక్కు కర్మాగారాల వాళ్లు ఎస్ టైపు అని పిలిచే థర్మోకపుల్. 1892లో కొలిమి వెలుగును ఒక దీపపు వెలుగుతో పోల్చి చూసి దూరం నుంచే వేడి కొలిచే పైరోమీటరు కూడా చేశారు.

1887లో ఆయన ఆ తీగల కొసను బంకమట్టి ముద్దలో పెట్టి వేడి చేశారు. తీగల విద్యుత్తుకు కదిలే అద్దం మీదనుంచి వెలుగుచుక్క ఫొటో పలక మీద పడేట్లు, అదీ సమానమైన కాలవ్యవధిలో గీతలుగా పడేట్లు ఏర్పాటు చేశారు. మట్టి మామూలుగా వేడెక్కుతుంటే గీతలు సమదూరంలో పడతాయి. మట్టి వేడిని లోపలికి తాగుతున్నప్పుడు గీతలు దగ్గరపడతాయి. తనే వేడి విడుదల చేసినప్పుడు దూరం జరుగుతాయి. పొయ్యి మీద అన్నం ఉడికేటప్పుడు నీరు ఉన్నంతసేపు గిన్నె వేడి నూరు దాటదు కదా, అలాగే మట్టి కూడా ఒకచోట ఆగుతుంది. చైనా మట్టి సుమారు 500 నుంచి 600 డిగ్రీల మధ్య తన లోపల బంధించుకున్న నీటిని వదులుతుంది. మళ్లీ 980 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి వేడి కక్కుతుంది. అక్కడ మట్టి లోపలి అమరిక మారిపోతోంది. ఇంకా పైకి పోతే ముల్లైట్ అనే గట్టి స్ఫటికం పెరుగుతుంది. మన ఫైర్ బ్రిక్కు వేడికి తట్టుకుని నిలబడేది ఆ ముల్లైట్ బలం మీదనే. ఈ రోజు ప్రపంచంలోని ప్రతి సిరామిక్ ప్రయోగశాలలోనూ ఇదే పద్ధతి యంత్రం రూపంలో నడుస్తోంది.

1889లో ఆయన చేసిన ఇంకొక పరిశీలన చూడండి. ఇసుకలోను, తెల్లరాతిలోను ఉండే క్వార్ట్‌జ్‌ను వేడి చేస్తూ పొడవు కొలుస్తుంటే, 570 డిగ్రీల ప్రాంతంలో అది ఒక్కసారిగా పెరిగింది. చల్లారుస్తుంటే అక్కడే ఒక్కసారిగా తగ్గింది. తరువాతి కొలతల్లో ఆ అంకె 573గా స్థిరపడింది. పదార్థం అదే, కరగలేదు, కాలలేదు, లోపల పరమాణువుల వరుస మాత్రం ఒక పక్కకు జరిగి సర్దుకుంది. పెరిగేది శాతం లోపే. కానీ ఇటుక లోపల ఆ శాతం లోపు పెరుగుదల ఒక పక్క జరిగి ఇంకొక పక్క జరగకపోతే ఇటుక పగులుతుంది.

ఈ అంకె నా జీవితంలోకి ఎలా వచ్చిందో చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే జిల్లాలో ఒక కర్మాగారంలో పనిచేసేవాణ్ణి. పేరు ఇక్కడ అనవసరం. కొలిమికి కొత్త లైనింగ్ వేశారు. వేడి ఎక్కించడానికి చార్టు ఉంది. గంటకు ఇన్ని డిగ్రీలు, ఇన్ని గంటలు ఇక్కడ ఆపాలి అని. 550 నుంచి 600 మధ్య బాగా నెమ్మదిగా వెళ్లాలని దానిలో ఎర్ర సిరాతో రాసి ఉంది. పైనుంచి తొందర వచ్చింది. రాత్రి షిఫ్టులో మంట పెంచమన్నారు, పెంచాం. లాగ్ బుక్కులో అంకెలు రాసింది నేనే. చార్టు ప్రకారం రాశాను, జరిగినట్టు రాయలేదు. వారం తిరగకుండా ఒక పక్క ఇటుకలు రాలాయి. గారలోని తేమ ఆవిరై తోసింది కొంత, ఇటుకలోని ఇసుకరేణువు చేసింది కొంత. విచారణలో తప్పు మేస్త్రీల మీదికి పోయింది. కీళ్లు సరిగా వేయలేదన్నారు. పెద్ద మేస్త్రీని పని నుంచి తీసేశారు. ఆయన ఊరు వెళ్లేముందు నా దగ్గరికి వచ్చి, చార్టు ప్రకారమే వేడి ఎక్కించారా బాబూ అని మాత్రం అడిగాడు. అవునన్నాను. నలభై ఏళ్లు దాటింది.

విశాఖ ఉక్కు కర్మాగారంలో ఏడు మీటర్ల ఎత్తు కోక్ ఓవెన్లు ఉన్నాయి. వాటి గోడలు సిలికా ఇటుకలవి. మొదటిసారి వేడి ఎక్కించడానికి వారాలకు వారాలు పడుతుంది. ఒకసారి ఎక్కిందా, ఇక దాని ఆయుష్షు తీరేదాకా చల్లారనివ్వరు. సమ్మె జరిగినా, తుపాను వచ్చినా ఏదో ఒక విధంగా వేడి నిలుపుతారు. చల్లారితే ఆ గోడ గోడగా ఉండదని వారికి తెలుసు.

మన దగ్గర కొత్తగూడెం పక్కన గరీబుపేట గుట్ట ఉంది కదా. అక్కడి గార్నెట్ రాళ్లు పూర్వకాలంలో పూసలుగా చెక్కబడి తమిళదేశపు అరికమేడు దాకా పోయాయని పరిశోధకులు ఈ మధ్య నిర్ధారించారు. అదే గుట్టలో కయనైట్ అనే నీలి ఛాయ రాయి కూడా ఉంది. దీనిని 1300 డిగ్రీలు దాటించి వేడి చేస్తే ముల్లైట్‌గా మారుతుంది. మారేటప్పుడు పరిమాణం 15 శాతానికి పైగా ఉబ్బుతుంది. అందుకని ఇటుకల్లో వేయడానికి ముందు రాయిని విడిగా కాల్చి, ఉబ్బవలసినంత ఉబ్బనిచ్చి, అప్పుడు పొడి చేస్తారు. కాల్చినప్పుడు ముడుచుకునే మట్టిలో కొద్దిగా పచ్చి కయనైట్ కలిపి, ముడుపును ఉబ్బుతో సరిచేసే తెలివైన పద్ధతీ ఉంది. జిర్కోనియా సంగతి ఇంకా గడుసుది. భీమునిపట్నం ఇసుకలో దొరికే జిర్కాన్ నుంచి దీనిని తీయవచ్చు. 2700 డిగ్రీల దాకా కరగదు. కానీ వేడి ఎక్కేటప్పుడు 1170 డిగ్రీల దగ్గర లోపలి అమరిక మారి ముడుచుకుంటుంది. చల్లారేటప్పుడు తిరిగి నాలుగైదు శాతం ఉబ్బి ముక్కలవుతుంది. సున్నమో, యిట్రియా అనే పదార్థమో కొద్దిగా కలిపితే ఆ మార్పు ఆగుతుంది. 1975లో ఆస్ట్రేలియా వారు ఇంకొక అడుగు వేసి, ఆ ఉబ్బే గుణాన్నే వాడుకున్నారు. పగులు వచ్చిన చోట రేణువులు ఉబ్బి పగులును నొక్కి ఆపేట్లు చేశారు. ఈ రోజు విమాన ఇంజను రెక్కల మీద వేడి తగలకుండా పూసేది, మనలో కొందరు నోట్లో పెట్టుకున్న తెల్లటి కట్టుడు పళ్లు, రెండూ జిర్కోనియావే. హైదరాబాదు శివారు బాలాపూర్‌లోని జాతీయ పరిశోధన కేంద్రంలో ఇటువంటి సిరామిక్‌ల మీద, పూతల మీద పని జరుగుతోంది.

మళ్లీ పెద్దాయన దగ్గరికి వద్దాం. మనవడు అడిగిన నియమం 1884 నాటిది. సమతాస్థితిలో ఉన్న దేనినైనా కదిలిస్తే, ఆ కదలికను తగ్గించే దిక్కుకు అది సర్దుకుంటుందని స్థూలంగా దాని అర్థం. అశ్వాపురం మిత్రులకు దీనిని వివరించనక్కరలేదు. 1991లో మొదలైన ఆ కర్మాగారంలో గోదావరి నీటినీ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువునూ ఎదురెదురుగా పంపుతారు. సుమారు 30 డిగ్రీల చల్లని స్తంభంలో భార హైడ్రోజన్ నీటిలోకి చేరుతుంది. 130 డిగ్రీల వేడి స్తంభంలో వాయువులోకి మళ్లుతుంది. మామూలు నీటిలో ఏడు వేల హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి మాత్రమే భారమైనది. వేడి మార్చి సమతను అటూ ఇటూ జరుపుతూ ఆ ఒక్కదానిని ఏరుకుంటారు.

ఇదే నియమంతో ఆయన 1901లో గాలిలోని నత్రజనితో అమ్మోనియా చేయబోయారు. పీడనం ఎక్కువైతే అమ్మోనియా ఎక్కువ వస్తుందని లెక్క సరిగానే వేశారు. 200 వాతావరణాల పీడనం, 600 డిగ్రీల వేడి, ఇనుము. పరికరంలోకి గాలి చేరి పెద్ద పేలుడు జరిగింది. సహాయకుడు చావు తప్పించుకున్నాడు. ఆయన ఆ పని అంతటితో వదిలేశారు. కొద్ది ఏళ్లకు జర్మనీలో హేబర్ అదే దారిలో నడిచి 1909లో నెగ్గాడు. 1913 నాటికి కర్మాగారమే లేచింది. లోకానికి ఎరువులు, జర్మనీకి యుద్ధంలో మందుగుండు రెండూ దానితోనే. 1980లో ఉత్పత్తి మొదలై 1999లో మూతపడిన మన రామగుండం ఎరువుల కర్మాగారం బొగ్గుతో చేసిందీ ఆ అమ్మోనియానే. అక్కడే 2021లో కొత్త కర్మాగారం సహజవాయువుతో మొదలైంది. అమ్మోనియాను చేజార్చుకోవడం తన శాస్త్ర జీవితంలోకెల్లా పెద్ద తప్పు అని లె షాటెలియర్ ముసలితనంలో తనే ఒప్పుకున్నారు. వేరొకరి మీదికి నెట్టలేదు. ఆ సహాయకుడి ప్రాణం గురించి ఆలోచించి ఆపిన మనిషిని నేను తప్పు పట్టలేను.

మిగతావి క్లుప్తంగా. 1904లో లోహశాస్త్రానికి ఒక పత్రిక స్థాపించారు. 1907లో సోర్బాన్ విశ్వవిద్యాలయ ప్రొఫెసరు పదవి, సైన్స్ అకాడమీ సభ్యత్వం వచ్చాయి. సిలికా, సిలికేట్ల మీద తన పనినంతా 1914లో ఒక గ్రంథంగా వెలువరించారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగి గుండ్ల ఉక్కు మీద ప్రభుత్వానికి సాయపడ్డారు. 1916లో ఇంగ్లండు రాయల్ సొసైటీ వారు డేవీ పతకం ఇచ్చారు. స్టాప్‌వాచి పట్టుకుని కార్మికుల పని వేళ లెక్కగట్టే అమెరికా టేలర్ పద్ధతిని ఫ్రాన్సులో ప్రచారం చేసిందీ ఈయనే. టైమ్ స్టడీ వారి చేతిలో అవస్థ పడిన మన మిత్రులు ఈ ఒక్క విషయంలో ఆయనను క్షమించాలి.

చివరి సంవత్సరం దాకా రాస్తూనే ఉన్నారు. ప్రయోగ శాస్త్రాల పద్ధతి గురించిన పుస్తకం 1936లోనే వెలువడింది. దంపతుల వివాహానికి అరవై ఏళ్లు నిండిన ఆ ఏడాదే, సెప్టెంబరు 17న, ఆల్ప్స్ కొండల వైపు ఉన్న మిరిబెల్ అనే పల్లెలో కన్నుమూశారు. 86వ పుట్టినరోజుకు మూడు వారాలు తక్కువ.

మన సభ్యుల పిల్లలు కొందరు యూరపులో ఉన్నారు కనుక ఒక మాట. పారిస్‌లో ఈఫిల్ టవరు మీద చుట్టూ 72 మంది శాస్త్రవేత్తల, ఇంజనీర్ల పేర్లు చెక్కారు. టవరు తెరిచింది 1889లో, మన ఇల్లెందులో సింగరేణి బొగ్గు తీయడం మొదలైన సంవత్సరమే. ఆ పేర్లలో లె షాటెలియర్ అని ఉంటుంది. చూసినవారు చాలామంది నియమం చెప్పిన ఆయనే అనుకుని ఫొటో తీసుకుంటారు. అది తండ్రి లూయీగారి పేరు.